బొమ్మలేసేవాళ్లు లైబ్రరీకి ఎందుకు పోవాలి?

ఈ ఎపిసోడ్ బొమ్మలేసేవాళ్ల కోసం. ట్యాబ్ మీద వేసేవాళ్లు, ఫోన్‌లో వేలితో వేసేవాళ్లు, నోట్‌బుక్ వెనక పేజీలో పెన్నుతో గీసేవాళ్లు, ఫ్లెక్స్ షాపులో రాత్రి పదింటికి కూడా కోరల్‌డ్రా ముందు కూర్చునేవాళ్లు, అందరూ ఇందులోకే వస్తారు. టాపిక్ ఏంటంటే పబ్లిక్ లైబ్రరీ. ఆగండి, అప్పుడే స్వైప్ చేయకండి.

లైబ్రరీ అంటే మనకు గుర్తొచ్చేది రెండే. పొద్దున్నే పేపర్ చదవడానికి వచ్చే పెద్దమనుషులు, గ్రూప్స్‌కీ కానిస్టేబుల్‌కీ ప్రిపేర్ అయ్యే మన ఫ్రెండ్స్. ఆర్టిస్టుకి అక్కడ ఏం పని అని అడిగితే చాలామంది "ప్రశాంతంగా ఉంటుంది, ఇన్‌స్పిరేషన్ వస్తుంది" అంటారు. ప్రశాంతత కావాలంటే చెరువు కట్ట మీద కూడా దొరుకుతుంది. నేను చెప్పేది వేరే. బొమ్మ వేసేవాళ్లకి లైబ్రరీ ఇచ్చే అసలు వస్తువు రెఫరెన్స్. అందులోనూ మన ఊళ్ల రెఫరెన్స్, మన మనుషుల రెఫరెన్స్. అది నెట్‌లో ఎందుకు సరిగ్గా దొరకదు? దాని వెనక ఒక టెక్నికల్ కారణం ఉంది. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ఇటు వచ్చినవాణ్ణి కాబట్టి ఆ ముక్క కొంచెం వివరంగానే చెప్తా.

ముందు ఒక ఉదాహరణ. మాది పరకాల. మా ఊరి వాళ్లకి 1947 సెప్టెంబర్ 2 గురించి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తున్నా. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి 18 రోజులు. హైదరాబాద్ సంస్థానం మాత్రం ఇంకా నిజాం చేతిలోనే ఉంది. ఆ రోజు పరకాలలో జాతీయ జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం కదిలి వచ్చారు. నిజాం పోలీసులు, రజాకార్లు వాళ్ల మీద కాల్పులు జరిపారు. పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దీన్ని దక్షిణ భారత జలియన్‌వాలాబాగ్ అని కూడా అంటారు. ఆ చనిపోయినవాళ్ల గుర్తుగా 2003లో కట్టిందే మా ఊరి అమరధామం.

ఇప్పుడు ఒక స్కూల్ వాళ్లు మీ దగ్గరికి వచ్చి, "బాబూ, మా గోడ మీద ఆ రోజు సంఘటన బొమ్మ వేయాలి" అన్నారనుకోండి. ఏం చేస్తారు? ఫోన్ తీసి సెర్చ్ చేస్తారు, లేదంటే ఏఐలో టైప్ చేస్తారు. నేనూ ఏఐలో కొట్టి చూశా. వచ్చిన బొమ్మలో ఆడవాళ్లకి ముఖం మీద కొంగు ముసుగు ఉంది, మగవాళ్లందరికీ తెల్ల టోపీలు, వెనకాల ఎక్కడివో గడ్డి గుడిసెలు. చూడ్డానికి మస్తు అందంగా ఉంది. కాని అందులో తెలంగాణ లేదు, పరకాల అసలే లేదు.

సరే, చేత్తోనే వేద్దాం అనుకుంటే ప్రశ్నలు మొదలవుతాయి. మొదటిది జెండా. మధ్యలో అశోక చక్రం ఉన్న జెండాని రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. అంతకుముందు 1931 నుంచి కాంగ్రెస్ వాడిన జెండా మీద రాట్నం ఉండేది. జులై 22 నుంచి సెప్టెంబర్ 2కి మధ్య ఉన్నది 42 రోజులు. మరి పల్లెల నుంచి నడిచొచ్చిన జనం చేతిలోని జెండా మీద చక్రం వేస్తారా, రాట్నం వేస్తారా? రెండోది బట్టలు. ఆడవాళ్ల గోచీ కట్టు చీర ఎలా తిరుగుతుంది, అంచు ఎక్కడికి వస్తుంది? మగవాళ్ల రుమాలు ఎలా చుట్టేవాళ్లు? భుజం మీద గొంగడి ఎలా పడుతుంది? మూడోది పోలీసు. నిజాం పోలీసు డ్రెస్సు ఎలా ఉండేది, చేతిలో ఏ తుపాకి? నాలుగోది ఇల్లు. గూన పెంకుల కప్పు ఎలా ఉంటుంది, అరుగు ఎంత ఎత్తు?

ఇవేవీ ఊహించి వేసేవి కావు. చూసి వేసేవి. తాతల కాలం నాటి మనుషులు ఉన్నంతవరకు అడిగి వేయొచ్చు. వాళ్లు కూడా లేకపోతే మిగిలేది కాగితమే. అప్పటి ఫొటోలు, అప్పటి పత్రికలు, ఆ పోరాటంలో ఉన్నవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని సునీల్ జానా ఫొటోలు తీశారు. హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940ల్లో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, 1948లో వాళ్ల మీద ఫొటోలతో పుస్తకం వేశాడు. ఇలాంటివి చూస్తే మనుషులు ఎలా కూర్చునేవాళ్లు, బరువు ఎలా మోసేవాళ్లు అన్నది కూడా తెలుస్తుంది. డ్రెస్సుల కన్నా అది ముఖ్యం. నిలబడే తీరు తప్పైతే, బట్టలు ఎంత కరెక్ట్‌గా వేసినా సినిమా జూనియర్ ఆర్టిస్టుల్లాగా కనిపిస్తారు.

ఇప్పుడు మీ డౌట్ నాకు తెలుసు. "అన్నా, పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు కదా, ఇంక లైబ్రరీ ఎందుకు?" కరెక్ట్ ప్రశ్న. టెక్నికల్ ముక్క ఇక్కడే వస్తుంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఒక పెద్ద ప్రాజెక్ట్ నడిచింది. లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు, అందులో తెలుగువి కూడా చాలా ఉన్నాయి. ఇవాళ మనం ఫోన్‌లో పాత తెలుగు నవల చదువుతున్నామంటే ఆ పనికి దండం పెట్టాలి. కానీ ఆ స్కాన్లలో ఎక్కువ భాగం ఒక బిట్ స్కాన్లు. అంటే ఏంటి? ప్రతి పిక్సెల్‌కి రెండే అవకాశాలు: నలుపు లేదా తెలుపు. మధ్యలో బూడిద రంగు కూడా ఉండదు. 8 బిట్లు ఇస్తే 256 షేడ్లు వస్తాయి. 24 బిట్లు ఇస్తే ఒక కోటి 67 లక్షలకు పైగా రంగులు వస్తాయి. ఫైల్ సైజు చిన్నగా ఉండాలి, అక్షరాలు స్పష్టంగా కనిపించాలి అంటే ఒక బిట్ చాలా తెలివైన పద్ధతి. అక్షరానికి నలుపూ తెలుపూ చాలు.

మరి అదే పేజీలో వాటర్ కలర్ బొమ్మ ఉంటే? ముఖం మీద వెలుగు నుంచి నీడకి మెల్లగా జారే టోన్ మొత్తం పోతుంది. మిగిలేది నల్ల మచ్చ. పాత పత్రిక స్కాన్ తెరిచి బొమ్మల పేజీకి పోతే ఇదే కనిపిస్తుంది. కథ చదవొచ్చు, బొమ్మ మాత్రం సిరా ఒలికినట్టు ఉంటుంది. అంటే మన పాత పుస్తకాల్లో అక్షరం నెట్‌లోకి ఎక్కింది, బొమ్మ చాలావరకు ఎక్కలేదు. అది ఇంకా కాగితం మీదే ఉంది. ఆ కాగితం ఏదో ఒక లైబ్రరీ బీరువాలో ఉంది. ఆ కాపీ పోతే కథ బతుకుతుంది, బొమ్మ చచ్చిపోతుంది. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

బొమ్మలని బొమ్మలుగానే దాచిపెట్టిన లైబ్రరీ ఒకటి ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1915లో పిక్చర్ కలెక్షన్ అని మొదలుపెట్టారు. పుస్తకాల నుంచి, పత్రికల నుంచి బొమ్మలు కత్తిరించి, సబ్జెక్ట్ వారీగా ఫోల్డర్లలో పెట్టారు. గుర్రాలు, వానలు, టోపీలు, మెట్లు, ఇలా మామూలు మనుషులు అడిగే మాటలతో. కార్డు ఉన్నవాళ్లు ఆ బొమ్మల్ని ఇంటికి తీసుకుపోవచ్చు. 1929 నుంచి 1968 దాకా రొమానా జావిట్జ్ అనే ఆవిడ దాన్ని నడిపారు. 1930ల్లో డియెగో రివేరా న్యూయార్క్‌లో పెద్ద గోడ బొమ్మ వేసేటప్పుడు అక్కడి నుంచే రెఫరెన్స్ తీసుకున్నాడు. ఆండీ వార్హోల్ అక్కడికి రెగ్యులర్‌గా వచ్చేవాడు. 2021లో ఆ ఫోల్డర్లని జనం చేతికి అందకుండా లోపలికి మార్చాలని ప్లాన్ చేస్తే ఆర్టిస్టులు గొడవ చేశారు, లైబ్రరీ వెనక్కి తగ్గింది. వాళ్ల వాదన సింపుల్. సెర్చ్ బాక్స్‌లో మనకి తెలిసినదే అడుగుతాం. ఫోల్డర్ తిరగేస్తే మనం అడగాలని కూడా తెలియనిది చేతికి తగులుతుంది.

మన బ్రాంచి లైబ్రరీల్లో అలాంటి ఫోల్డర్లు ఉండవు. అయినా బొమ్మలు ఉంటాయి. ఎక్కడ వెతకాలో చెప్తా.

మొదటిది, పాత చందమామలు. చందమామ 1947 జులైలో మొదలైంది. వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్ లాంటివాళ్లు దాంట్లో బొమ్మలేశారు. భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. ఏ లైబ్రరీలోనైనా ఏడాది సంచికలు కలిపి బైండు చేసి ఉంటే వదలకండి. ఇన్‌స్టాలో మీకు ఒక ఆర్టిస్టు బెస్ట్ బొమ్మలు మాత్రమే కనిపిస్తాయి. బైండులో ఆయన నెల నెలా వేసినవన్నీ కనిపిస్తాయి. డెడ్‌లైన్ దగ్గరపడ్డప్పుడు బ్యాక్‌గ్రౌండ్ ఎలా తగ్గించాడు, ఒకే రాజు ముఖాన్ని ఇరవై పేజీల్లో ఎలా గుర్తుపట్టేలా ఉంచాడు, గుంపుని ఐదుగురితో ఎలా చూపించాడు, ఇవన్నీ. ఆర్ట్ కాలేజీకి పోలేనివాళ్లకి ఇదే క్లాసు. బాపు గారు చదివింది లా డిగ్రీ అన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండోది, సోవియట్ పిల్లల పుస్తకాలు. ఒకప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చేసి ఇక్కడికి పంపేవాళ్లు, విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికేవి. వాటిలో బొమ్మలు చూస్తే పేజీ డిజైన్ అంటే ఏంటో అర్థమవుతుంది. వాటిలో కొన్నిటిని ఇప్పుడు మంచి పుస్తకం వాళ్లు మళ్లీ వేస్తున్నారు. నేషనల్ బుక్ ట్రస్ట్, కార్టూనిస్ట్ శంకర్ పెట్టిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, ఈ రెండు సంస్థల పిల్లల పుస్తకాలు కూడా పబ్లిక్ లైబ్రరీల్లో కనిపిస్తాయి. పిల్లల సెక్షన్ కదా అని సిగ్గుపడకుండా చిన్న కుర్చీలో కూర్చోండి. పిల్లల బొమ్మల పుస్తకం ఇవాళ ఇలస్ట్రేటర్‌కి పని దొరికే చోటు. తానా, మంచి పుస్తకం కలిసి అలాంటి పుస్తకాల కోసం పోటీలు కూడా పెట్టాయి.

మూడోది, ఆర్ట్ అని రాసి లేని షెల్ఫులు. చాలా లైబ్రరీల్లో పుస్తకాలకి డ్యూయీ పద్ధతిలో నంబర్లు వేస్తారు. అది ట్యాగ్ సిస్టమ్ లాంటిదే అనుకోండి. 741 డ్రాయింగ్, 750 పెయింటింగ్. ఆర్టిస్టులు అక్కడికే పోయి, నాలుగు పుస్తకాలు చూసి వెనక్కి వస్తారు. మీకు కావాల్సినవి వేరే చోట ఉంటాయి. 391 బట్టలు, వేషధారణ. 398 జానపదం. 580 మొక్కలు. 590 జంతువులు. 720 కట్టడాలు. 730 శిల్పం. 954 భారతదేశ చరిత్ర.

ఉదాహరణకి బతుకమ్మ. ప్రతి ఏడాది ఫ్లెక్సీల మీద అదే బతుకమ్మ, అదే డౌన్‌లోడ్ బొమ్మ. అందులో సగం పూలు బంతి, మిగతా సగం ఏ పూలో వేసినవాళ్లకే తెలియదు. తంగేడు పువ్వు రేకులు ఎన్ని, గునుగు పువ్వు కొస ఎట్ల సన్నబడుతుంది, కట్ల పువ్వు ఏ రంగు, ఇవి తెలిసి వేసిన బతుకమ్మ వంద ఫ్లెక్సీల మధ్యలో కూడా తెలిసిపోతుంది. పూలు పొలం గట్టు మీద చూడొచ్చు, నిజమే. కానీ సీజన్ కానప్పుడు ఆర్డర్ వస్తే మొక్కల పుస్తకమే దిక్కు.

ఇంకో ఉదాహరణ రామప్ప. మాకు దగ్గరే. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి రీల్స్‌కి లెక్కే లేదు. కానీ రీల్‌లో మదనిక శిల్పం మూడు సెకన్లు ఉంటుంది, అదీ కింది నుంచి తీసింది. గులాం యజ్దానీ హైదరాబాద్ సంస్థానం పురావస్తు శాఖలో ఉన్నప్పుడు పాలంపేట గుళ్ల మీద ఒక పుస్తకం రాశాడు, 1922లో ఆర్కియలాజికల్ సర్వే అచ్చేసింది. అందులో ప్లేట్లు ఉన్నాయి. కాకతీయుల కాలం కథతో వెబ్ కామిక్ గానీ గేమ్ గానీ చేసేవాళ్లకి జడ, నగలు, నడుము కట్టు, కాలి అందెలు అలాంటి పుస్తకం ముందు కూర్చునే నేర్చుకోవాలి. ఇలాంటివి బ్రాంచి లైబ్రరీలో దొరక్కపోవచ్చు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఏదైనా పని మీద హైదరాబాద్ పోయినప్పుడు ఒక పూట దానికి పెట్టండి.

సరే, పుస్తకం దొరికింది. ఇప్పుడు ఏం చేయాలి? ముందు అక్కడి సార్‌నో మేడంనో అడగండి, "ఈ బొమ్మ ఫొటో తీసుకోవచ్చా" అని. ఒప్పుకున్నాక స్కానర్ యాప్ తెరవకండి. ఆ యాప్‌లు డాక్యుమెంట్ మోడ్‌లో బొమ్మని తెల్లగా, నల్లగా కొట్టేస్తాయి. ఇందాక చెప్పిన ఒక బిట్ కథే మళ్లీ. మామూలు కెమెరాతో తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ దగ్గర పగటి వెలుగు చాలు. పేజీ పక్కన ఒక తెల్ల కాగితం ముక్క ఫ్రేమ్‌లోకి వచ్చేలా పెట్టండి, తర్వాత రంగు సరిచేసుకోవడానికి పనికొస్తుంది. బైండుని బలవంతంగా వెనక్కి విరవకండి. చివరగా పుస్తకం టైటిల్ పేజీ కూడా ఒక ఫొటో తీయండి. ఆరు నెలల తర్వాత "ఈ బొమ్మ ఎక్కడిది" అని క్లయింట్ అడిగితే ఆ ఒక్క ఫొటో మిమ్మల్ని కాపాడుతుంది.

అన్నిటికన్నా మేలు అక్కడే కూర్చుని స్కెచ్ వేయడం. ఫొటో గ్యాలరీలోకి పోతుంది, స్కెచ్ చేతిలోకి పోతుంది.

కాపీరైట్ గురించి కూడా ఒక మాట. మన దేశంలో 1957 చట్టం ప్రకారం ఆర్టిస్టు చనిపోయాక, తర్వాతి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో చనిపోయారు, ఆయన బొమ్మలు ఇప్పుడు అందరివీ. వడ్డాది పాపయ్య చనిపోయింది 1992లో, అంటే 2052 ఆఖరు దాకా హక్కు ఉంది. బాపు గారివి 2074 ఆఖరు దాకా. ఇంట్లో ప్రాక్టీస్‌కి చూసి వేసుకోవడం వేరు, టీషర్ట్ మీద అచ్చేసి అమ్మడం వేరు. చీర కట్టు ఎలా ఉంటుందో చూసి నేర్చుకోండి. ఆయన వేసిన అమ్మాయినే ఎత్తుకొచ్చి మీ సంతకం పెట్టకండి. కట్టు ఎవరి సొత్తూ కాదు, బొమ్మ ఆయన సొత్తు.

ఇక ఆఖరి విషయం. ఈ లైబ్రరీలు ఎవరో దయతో ఇచ్చినవి కావు. రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్న రోజుల్లో, తెలుగు చదువుకోవడానికి చోటు కావాలని మన పెద్దవాళ్లు పట్టుబట్టి పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, మా హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. తర్వాత 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటి పన్ను రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద పోతుంది. మీ ఇంట్లో ఇంటి పన్ను కట్టిన రసీదు ఉంటే ఒకసారి తీసి చూడండి. అంటే మీరు పోయినా పోకపోయినా సబ్‌స్క్రిప్షన్ డబ్బులు కట్ అవుతున్నాయి.

మరి ప్రమాదం ఏంటి? ఏ లైబ్రరీకైనా స్థలం తక్కువ. కొత్త పుస్తకాలు రావాలంటే చిరిగినవి, ఎవరూ ముట్టనివి పక్కకి పోవాలి. ఏ పుస్తకం ఉంచాలో తేల్చేది వాడకం. రోజూ వచ్చేవాళ్లంతా పరీక్షల పుస్తకాలే అడిగితే వాటికే చోటు దొరుకుతుంది, అందులో తప్పు లేదు. బొమ్మల కోసం ఒక్కళ్లూ అడక్కపోతే, పాత చందమామ బైండు ఎందుకు ఉంచాలో చెప్పడానికి రిజిస్టర్‌లో ఒక్క సంతకం కూడా ఉండదు. నెట్‌లో దాని బొమ్మ నల్ల మచ్చ. లైబ్రరీలో కాపీ లేదు. ఏఐకి నేర్పడానికి కూడా మన బొమ్మ ఎక్కడా లేదు. ఇంకో ఇరవై ఏళ్లకి పరకాల పిల్లలు స్కూల్ గోడ మీద చూసే 1947 బొమ్మలో ముఖం మీద కొంగేసుకున్న ఆడవాళ్లే ఉంటారు. మన తాతమ్మలు అలాగే ఉండేవాళ్లని నమ్ముతారు కూడా.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరి లైబ్రరీకి పోండి. "బొమ్మలున్న పాత పత్రికలు, పాత పిల్లల పుస్తకాలు ఉన్నాయా సార్" అని అడగండి. బయట పెట్టి లేకపోతే బీరువాలో ఉన్నాయేమో చూడమని రిక్వెస్ట్ చేయండి. రిజిస్టర్‌లో పేరు రాయండి. కొంచెం డిపాజిట్ కట్టి మెంబర్‌షిప్ తీసుకోండి. అక్కడ చూసి వేసిన ఒక స్కెచ్ కింద పుస్తకం పేరు, సంవత్సరం, లైబ్రరీ పేరు రాసి పోస్ట్ చేయండి. మంచివి ఏరి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా, వేసినవాళ్ల పేర్లతో సహా.

ఒకవేళ మీ దగ్గర పాత చందమామలు ఇంట్లోనే ఉంటే, వాటిని పాత పేపర్లవాళ్లకి కిలో లెక్కన వేసేముందు ఒక్కసారి ఫోన్ కెమెరా తీయండి. కలర్‌లో.

ఉంటా మరి. నమస్తే.